రాజు పేరు లేని ప్రమాణం

ఈ ఉదయం మెల్‌బోర్న్‌లో, స్థానిక కౌన్సిల్ వారిచ్చిన చిన్న మొక్కను ఒక చేత్తో పట్టుకుని, గోడ మీది బ్రిటన్, ఆస్ట్రేలియాల రాజు మూడవ చార్లెస్ చిత్రపటం ఎదుట ఆస్ట్రేలియా పౌరసత్వ ప్రమాణం చేశాను. 1994 నుంచి ఆ ప్రమాణంలో రాజు ప్రస్తావనే లేదు. విధేయత దేశానికీ, దాని ప్రజలకూ మాత్రమే. అయినా దేశాధినేత వంశపారంపర్యంగా వచ్చిన రాజే. 1999 నవంబరు 6 నాటి ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 55 శాతం ఓటర్లు గణతంత్రాన్ని కాదన్నారు. రాచరికం స్థానంలో వచ్చే అధ్యక్షుణ్ణి, ఆ ప్రతిపాదనలో ఉన్నట్టు పార్లమెంటు మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆమోదించడం కాదు, తామే నేరుగా ఎన్నుకోవాలని పట్టుబట్టిన గణతంత్రవాదులు కొందరు కూడా వ్యతిరేకంగా ఓటేశారన్నది తలచుకుంటే బాధగా ఉంటుంది. ఇక్కడ ప్రజాభిప్రాయ సేకరణ బ్యాలెట్ మీద జవాబును అక్షరాల్లో రాయాలి. ఆ ప్రశ్న మళ్లీ వచ్చిన రోజున నేను ‘యెస్’ అని రాస్తాను.