పది సంతకాలు

2023 నవంబర్ 3న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చింది. ఆ రోజు నేను ఓటరు జాబితా నకలు కోసం హనుమకొండలో తిరుగుతున్నాను. కాకతీయ యూనివర్సిటీలో పీజీ చేస్తూ అద్దె గదిలో ఉన్నప్పుడు ఓటు వరంగల్ పశ్చిమలో రాయించుకున్నాను. స్వతంత్ర అభ్యర్థిగా నిలబడాలనుకున్నదేమో మా ఊరున్న పక్క నియోజకవర్గంలో. తెలంగాణలో ఎక్కడ ఓటున్నా రిజర్వేషన్ లేని ఏ జనరల్ సీటుకైనా పోటీ చేయొచ్చు. కాకపోతే మన పేరున్న పేజీకి అధికారి ధ్రువీకరించిన నకలు నామినేషన్‌తో పాటు పెట్టాలి. ఆ సంగతి నాకు ముందురోజే తెలిసింది.

అప్పటికి నాకు 26 ఏళ్లు. ఎమ్మెల్యే పోటీకి 25 నిండితే చాలు. గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రాశాను, రెండుసార్లూ పరీక్ష రద్దయింది. ఆ సెప్టెంబర్‌లో గదిలో పుస్తకాలు మూటగట్టుకుని ఊరికొచ్చేశాను. చదువుకుని ఇంట్లో కూర్చున్న మాలాంటి వాళ్ల బాధ మాలో ఒకరే అసెంబ్లీలో చెప్పాలనిపించింది. బాపు ఒక రాత్రంతా మాట్లాడలేదు. తెల్లారి, "నిలవడుడే అయితే మంచిగ నిలవడు" అన్నాడు. ఎనుమాముల మార్కెట్లో మొదటి ఏరుడు పత్తి అమ్మిన డబ్బులోంచి డిపాజిట్‌కు 10,000 తీసి పక్కన పెట్టాడు.

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ప్రతిపాదకుడు, అంటే పేరు ప్రతిపాదిస్తూ నామినేషన్ మీద సంతకం పెట్టే ఓటరు, ఒక్కరుంటే సరిపోతుంది. స్వతంత్రులకు పదిమంది కావాలి, పదిమందీ ఆ నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి. పదిమందే కదా అనుకున్నాను. పత్తి ఏరే రోజులవి. చేన్ల వెంట తిరిగి అడిగితే అందరూ ఓటేస్తామన్నారు. సంచిలోంచి ఫారం తీయగానే మాట మారేది. "ఓటంటే ఎవలకు తెలువది బిడ్డా, నీకే ఏస్త. సంతకమంటే పేరు బయట పడతది. రేపు పింఛన్ ఆపితే ఎట్ల?" అంది ఒక పెద్దమ్మ. నెలకు 2,016 రూపాయల పింఛన్ అది. ఆమె బీపీ గోళీలు దాంతోనే వస్తాయి. ఆమెను ఇంకోసారి అడగడానికి నాకు మనసొప్పలేదు. నాలుగు రోజులు తిరిగితే పది సంతకాలయ్యాయి.

ఈలోపు అఫిడవిట్, అంటే ఫారం 26. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయించాలి. నాకు చూపించడానికి ఆస్తేమీ లేదు, చెవి కమ్మలు అర తులం, బ్యాంకులో కొద్దిగా. అయినా మూడుసార్లు టైప్ చేయించాల్సి వచ్చింది. నాకు పెళ్లి కాలేదని టైపు చేసినాయన భర్త గడులన్నీ ఖాళీగా వదిలేశాడు. ఒక్క గడి కూడా ఖాళీ ఉండకూడదు, 'లేదు' అనో 'వర్తించదు' అనో రాయాల్సిందే. ఎన్నికల ఖర్చు కోసం వేరే బ్యాంకు ఖాతా కూడా నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు తెరవాలి.

8వ తేదీన నామినేషన్ పత్రాల మొదటి సెట్ వేశాను. కౌంటర్ దగ్గర ఒక ఉద్యోగి పది పేర్లనూ ఓటరు జాబితాతో సరిచూస్తూ తొమ్మిదింటికి టిక్ పెట్టాడు, పదో పేరు దగ్గర ఆగాడు. ఆమె మా స్నేహితురాలి అక్క. పెళ్లయ్యాక ఓటు అత్తగారి ఊరికి మారింది, అది వేరే నియోజకవర్గం. నేను పాత జాబితాలో వరుస సంఖ్య చూసి రాసుకొచ్చాను. ఈ సెట్ పరిశీలనలో నిలవదని ఆయన మెల్లగా చెప్పాడు. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా వేయొచ్చు, డిపాజిట్ ఒక్కసారి కడితే చాలు. కానీ ప్రతి సెట్‌కూ పది సంతకాలు కావాల్సిందే. ఎవరైనా నిలబడాలనుకుంటే నేను చెప్పేది ఇదే: ప్రతిపాదకుల భాగం సంఖ్య, వరుస సంఖ్య తాజా జాబితాలో మీ కళ్లతో చూసుకోండి.

రెండోసారి వెళ్లేసరికి మిగిలిన తొమ్మిదిమందిలో ఒకాయన తలుపు తీయలేదు. ఆయన ఇంటికి రాత్రి ఎవరో వచ్చి పోయారట. 9వ తేదీ రాత్రికి ఒకరు దొరికారు, ఇంకొకరు కావాలి. అప్పుడు మా వాడకట్టు అవ్వ తనే వచ్చింది. "నాకు సంతకం రాదు, ఏలు పెడితే నడుస్తదా?" అని అడిగింది. నడుస్తుంది, కానీ ఆ వేలిముద్ర రిటర్నింగ్ అధికారి ముందే వేయాలి.

10వ తేదీ ఆఖరి రోజు. పార్టీల ఊరేగింపులతో రోడ్డంతా నిండిపోయింది. ఆఫీసుకు వంద మీటర్ల అవతలే ఆటో ఆపేశారు. అవ్వ నా భుజం పట్టుకుని నడిచింది. మూడింటికి తలుపులు మూస్తారు, మేం లోపలికి వెళ్లేసరికి రెండు దాటింది. ఇంకు ప్యాడ్ మీద వేలు అద్ది పెడితే మొదటి ముద్ర మరకలా వచ్చింది. డెబ్బై ఏళ్లు దాటిన చేయి, గీతలరిగిపోయిన బొటనవేలు, దాని మీద ఎండిన పత్తి కాయలు గీరిన గాట్లు. అధికారి తన కర్చీఫ్ ఇచ్చి తుడుచుకోమన్నారు. "అవ్వా, ఈ కాగితం ఏందో తెలుసా?" అని అడిగారు.

"తెల్వకేంది సారూ. మా పిల్ల నిలవడుతంది. నేనున్న అని చెప్పుడు."

రెండోసారి ముద్ర సరిగ్గా పడింది. ఆ తర్వాత అభ్యర్థిగా చేయాల్సిన ప్రమాణం చదివాను. గొంతు వణికింది, అయినా ఒక్క మాట మింగకుండా చదివాను.

దీపావళి తెల్లారి, 13న పరిశీలన. మొదటి సెట్ తిరస్కరించారు, రెండోది ఆమోదించారు. 15న గుర్తులు. మూడు గుర్తులు వరుసగా కోరుకోవాలి. అమ్మ బట్టలు కుడుతుంది కాబట్టి నేను కుట్టు మిషన్ మొదట రాశాను. ఇంకో స్వతంత్రుడు కూడా అదే రాయడంతో చీటీ తీశారు, అది ఆయనకు వెళ్లింది. నాకు పలక వచ్చింది. పలకా మంచిదే, పిల్లలు కూడా గుర్తుపట్టారు.

28 సాయంత్రం ఐదింటికి ప్రచారం ఆగిపోవాలి, అంటే చేతిలో ఉన్నది 13 రోజులు. ఖర్చు పరిమితి 40 లక్షలు, మాకు అందులో వీసమెత్తు కూడా కాలేదు. లెక్క మాత్రం అందరికీ ఒకటే. ఖర్చుల రిజిస్టర్‌లో రోజువారీ ఖర్చు తెల్ల పేజీల్లో, నగదు గులాబీ పేజీల్లో, బ్యాంకు పసుపు పేజీల్లో. టీ కూడా అధికారులు ఖరారు చేసిన రేటుకే రాయాలి. రోజూ రాత్రి బాపు అద్దాలు పెట్టుకుని రాసేవాడు.

30న పోలింగ్. నా పేరు, నా ఫొటో ఉన్న ఈవీఎం మా ఊరి బడిలో ఉంది, నా ఓటు హనుమకొండలో ఉంది. పొద్దున్నే వెళ్లి అక్కడ ఓటేసి మళ్లీ ఊరికొచ్చాను. అమ్మ, బాపు, అవ్వ అప్పటికే వేసి వచ్చారు.

డిసెంబర్ 3న ఫలితం వచ్చింది. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది, నాది పోయింది. అదే రోజు పక్కనే పాలకుర్తిలో నా వయసే ఉన్న యశస్విని రెడ్డి మొదటిసారి పోటీలోనే గెలిచారు. ఆమెకు పార్టీ అండ ఉంది, నాకు లేదు, అయినా ఆ వార్త విని కళ్లు చెమర్చాయి. ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు ఖర్చుల లెక్క అప్పజెప్పాలి. బాపూ నేనూ కలిసి వెళ్లి ఇచ్చి రసీదు తెచ్చుకున్నాం.

సంక్రాంతి దాటాక ఫారం 8 పెట్టి నా ఓటు ఊరికి మార్పించుకున్నాను.