రెండు మందులూ ఒకే డాక్టరుగారి ముందు పెట్టండి

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి కాలేయానికి పట్టే వైరస్ జబ్బు హెపటైటిస్ సి కూడా ఉన్నదని తేలినప్పుడు, ఉన్నది చాలక ఇంకొకటి వచ్చిపడిందని కుంగిపోవడం సహజమే. అయితే హెచ్‌ఐవీని జీవితాంతం మందులతో అదుపులో ఉంచుకోవలసి ఉండగా, హెపటైటిస్ సి చాలామందికి 12 వారాల బిళ్ళలతో పూర్తిగా నయమైపోతుంది. మందులు సరిగా వాడితే నూటికి 90 మందికి పైగా నయమవుతారు, హెచ్‌ఐవీ ఉన్నంత మాత్రాన ఆ ఫలితం తగ్గదు. అమలాపురం, రాజోలు వైపు పల్లెల్లో ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచేవి, ఆగకుండా చూసే పనిలో ఉన్నదాన్ని కనుక, ఈ మాట ఇంకా చాలా ఇళ్ళకు చేరలేదని నాకు తెలుసు.

హెచ్‌ఐవీ ఉన్నవారిలో హెపటైటిస్ సి కాలేయాన్ని త్వరగా గట్టిపరిచి పాడుచేస్తుంది కాబట్టి ఆలస్యం తగదు. వారానికో ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ చొప్పున 48 వారాలు జ్వరాలతో, నీరసంతో వేగినా సగం మందికైనా నయం కాని కాలం పోయింది. 2015లో హైదరాబాద్ కంపెనీలు తయారుచేసిన హెపటైటిస్ సి బిళ్ళ సోఫోస్‌బువిర్ బజారులోకి వచ్చింది. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు.

మందు ఉంది, నయమూ అవుతుంది, అడ్డుపడుతున్నది దాపరికం. ఆ మధ్య చేపల చెరువు దగ్గర కాపలా ఉండే ఒకాయన సంచి విప్పి చూపిస్తే, ఏఆర్‌టీ సీసా మీది కాగితాన్ని గోటితో గీకేసి ఉన్నారు. మిగిలిన జిగురుకు దుమ్మంటి నల్లబడింది. “బాబాయ్‌గారూ, లివరు డాక్టరుగారికి ఈ మందు సంగతి చెప్పారా?” అని అడిగితే, “బీపీ బిళ్ళలని చెప్పానమ్మా” అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది. ఊళ్ళో తెలిస్తే ఏమవుతుందో ఆయన చూసినవారే.

కానీ లివరు డాక్టరుగారు మోతాదు నిర్ణయించేది ఆ ఏఆర్‌టీ మందు పేరు చూసే. ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్న టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఏఆర్‌టీ బిళ్ళతో సోఫోస్‌బువిర్, దానికి జతగా ఇచ్చే డాక్లాటాస్‌విర్ మామూలు మోతాదులోనే నడుస్తాయి. పాత మందు ఎఫావిరెంజ్ మీద ఉన్నవారికి మాత్రం డాక్లాటాస్‌విర్ 60 మిల్లీగ్రాములు చాలక 90 ఇవ్వాలి. రిటోనావిర్‌తో కలిపి అటజానావిర్ వాడేవారికి 30కి తగ్గించాలి. కాలేయం గట్టిపడినవారికి ఇచ్చే వెల్పటాస్‌విర్‌కూ ఎఫావిరెంజ్‌కూ పొసగదు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే ఈ లివరు బిళ్ళల బలమే తగ్గిపోతుంది. అందుకని టీబీ మందులు సహా అన్నీ ఒకేసారి చూపించాలి. సమ్మతి లేకుండా హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టడాన్నీ, ఆ కారణంగా వైద్యం నిరాకరించడాన్నీ 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న చట్టం నిషేధిస్తున్నది.

రెండు మందులూ కలిస్తే వేడి చేస్తుందని ఏఆర్‌టీ మానేసేవారిని చూస్తే నాకు మరీ దిగులు. టెనోఫోవిర్, లామివుడిన్ హెపటైటిస్ బి ని కూడా అణచి ఉంచుతాయి. అది లోపల ఉన్నవారు వాటిని ఆపి సి మందులు మొదలుపెడితే, బి ఒక్కసారిగా పైకి లేచి కాలేయాన్ని దెబ్బతీయవచ్చు. అందుకే ముందుగా హెపటైటిస్ బి పరీక్ష చేస్తారు. కామెర్లకని పసరు తాగడం, వాతలు పెట్టించుకోవడం దయచేసి మానండి.

కోర్సు ముగిసిన 12 వారాల తరువాత, రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడకపోతే నయమైనట్టే. వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారైన పదార్థాన్ని చూసే యాంటీబాడీ పరీక్ష మాత్రం ఆ తరువాత కూడా పాజిటివ్‌గానే వస్తుంది. ఏ ఆపరేషనుకో రక్తం పరీక్షించి మళ్ళీ జబ్బు ఉందంటే హడలిపోకుండా, దాచుకున్న వైరల్ లోడ్ కాగితం చూపించండి. నయమైనవారికి ఈ వైరస్ మళ్ళీ సోకే అవకాశం ఉంది కనుక, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకుంటే కొత్త సిరంజి కవరును మీ ఎదుటే చింపమని అడగండి.