పడవ నడపడం వచ్చని ఫారంలో రాశాను

నిన్న మధ్యాహ్నం ఒడ్డుకు చేరాం. తాడు ఒరుసుకుని అరచేతుల్లో పడ్డ ఎర్రటి చారలు ఇంకా మండుతూనే ఉన్నాయి. మా బామ్మర్ది పొద్దున్నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ నోటితో హారన్ కొట్టి పెట్టేశాడు. ఆ హారన్ సంగతేమిటో ఎలాగూ వాడు ఊరంతా చెప్తాడు, ఆ చెప్పేదేదో ముందు నేనే చెప్తే నయమని రాస్తున్నా.

హార్బర్‌లో తిరగడానికి తెరచాప పడవ ఒకటి మూడు గంటలకు అద్దెకు తీసుకున్నాం. నేను, మా ఆవిడ, బామ్మర్ది, వాడి పదేళ్ల కూతురు. ఇలాంటి పడవలు రెండు రకాలుగా ఇస్తారు. నడిపే స్కిప్పర్‌తో సహా ఇచ్చేది ఒకటి. ఉత్తి పడవ చేతికిచ్చి మీ తిప్పలు మీరు పడండనేది ఇంకొకటి. రెండోదానికి సర్టిఫికెట్టో, ఇదివరకు నడిపినట్టు రుజువో అడుగుతారు. నా దగ్గర రెండూ లేవు కాబట్టి స్కిప్పర్‌తోనే తీసుకున్నాం. బుకింగ్ ఐదు నిమిషాల్లో అయిపోయింది.

ఆ ఫారం చివర్లో ఒక ప్రశ్న ఉంది. తెరచాప పడవ నడిపిన అనుభవం ఉందా? లేదు, కొద్దిగా, బాగా అని మూడు గళ్లు. కాలేజీ రోజుల్లో ఒక స్నేహితుడి పడవ రెండుసార్లు ఎక్కాను. అందులో ఒకసారి ఓ పది నిమిషాలు చుక్కాని పట్టుకున్నాను. న్యాయంగా అయితే 'కొద్దిగా' కూడా ఎక్కువే. కానీ పక్కన బామ్మర్ది కూర్చుని స్క్రీన్‌లోకి తొంగిచూస్తున్నాడు. 'బాగా' దగ్గర టిక్ పెట్టాను.

ఆఫీసు వాళ్ల గురించి రెండు ముక్కలు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. డెక్ మీద గీతలు పడతాయని నల్ల సోలు బూట్లతో ఎక్కనివ్వరట. ఆ మాట బుకింగ్‌లో ఎక్కడా లేదు. అక్కడికి వెళ్లాక విప్పించారు. ఎండకు కాలిన డెక్ మీద ఉత్త కాళ్లతో గంతులేశాం. డిపాజిట్ ఎన్నాళ్లకు తిరిగొస్తుందని అడిగితే కౌంటర్‌లో అబ్బాయి తల కూడా ఎత్తకుండా "వచ్చేస్తుంది సార్" అన్నాడు. మీరు మాత్రం ఆ గడువు కాగితం మీద రాయించుకున్నాకే కార్డు ఇవ్వండి.

స్కిప్పర్ మాత్రం మంచివాడు. యాభై దాటి ఉంటాయి, మాట తక్కువ. పాపకు లైఫ్ జాకెట్ వేసి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశాడు. జాకెట్ చెవుల దాకా వచ్చింది. నీళ్లలో పడితే ఇది ఒంటి మీద నిలవదని చిన్న సైజుది తెప్పించాడు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంజన్‌తో జెట్టీ దాటాం, తెరచాపలు ఎత్తాం, ఇంజన్ ఆపేశాడు. నీళ్లు పడవను రాసుకుంటూ పోయే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ పావుగంట కోసం ఇంకోసారి డబ్బు పెట్టొచ్చు.

అప్పుడు స్కిప్పర్ నా వైపు తిరిగి, "బాగా వచ్చని రాశారుగా, పట్టుకోండి" అని చుక్కాని కర్ర చేతికిచ్చాడు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. గాలికి సూటిగా ఎదురు ఏ తెరచాప పడవా పోలేదు. గాలి వచ్చే దిక్కుకు అటూ ఇటూ సుమారు 45 డిగ్రీల మేర పడవకు పనికిరాని చోటు. గాలికి ఎదురెళ్లాలంటే ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి వంకరటింకరగా పోవాలి. ఆ మలుపును ట్యాక్ చేయడం అంటారు. పడవ ముక్కు ఆ పనికిరాని చోటును ఒక్క ఊపులో దాటేయాలి. ఇదంతా నాకు తెలుసు. తెలుసు కాబట్టే పాపకు క్లాసు పీకుతున్నా. ఇంజన్ పడవలన్నీ తెరచాప పడవకు దారివ్వాలి, 1972లో చేసిన అంతర్జాతీయ నియమాల్లో అలాగే ఉంది అని. స్కిప్పర్ వింటున్నాడు, ఏమీ అనలేదు.

ఓడలు తిరిగే దారికి గుర్తుగా వేసిన ఎర్ర బోయా దగ్గర మలుపు తిప్పాలి. అవతలి నుంచి ఫెర్రీ ఒకటి వస్తోంది. రానీ, దారి అదే ఇస్తుందనుకున్నా. "రెడీయా?" అని అరిచాను. "రెడీ బావా" అని బామ్మర్ది ముందు తెరచాప తాడు పట్టుకున్నాడు. కర్రను తోశాను.

తప్పు వైపు తోశాను. చుక్కాని కర్ర కారు స్టీరింగ్ లాంటిది కాదు. పడవ కుడికి తిరగాలంటే కర్రను ఎడమకి తోయాలి. పడవ గాలికి ఎదురు తిరగాల్సింది పోయి, ఒక పక్కకు ఒరిగి అవతలికి పరుగెత్తింది. మా ఆవిడ రెయిలింగ్ కరుచుకుని, "ఏమండీ, ఆయనకిచ్చేయండి" అంది. అప్పటికైనా ఇచ్చెయ్యాల్సింది. గబగబా కర్రను ఇటు లాగాను. పడవ తిరిగింది గానీ వేగం సగం చచ్చింది. ముక్కు సరిగ్గా గాలికి ఎదురుగా వచ్చేసరికి ఆ ఉన్న గాలీ పడిపోయింది. ఆ పూట గాలి ఊరి వైపు నుంచి వీస్తోంది. ఒడ్డున ఎత్తయిన బిల్డింగుల వెనక గాలికి నీడ పడుతుంది, వాటి సందుల్లోంచి మాత్రం ఈడ్చి కొడుతుంది. మేం నీడలో ఇరుక్కున్నాం.

పడవ ఆగిపోయింది. తెరచాపలు రెండూ దండెం మీద దుప్పట్లలా టపటపా కొట్టుకుంటున్నాయి. పెద్ద తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర, బూమ్ అంటారు, నా తల మీదుగా అటూ ఇటూ ఊగుతోంది. కర్ర ఎటు తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. పైగా మెల్లగా వెనక్కి జారుతున్నాం.

అప్పుడు కొట్టింది ఫెర్రీ హారన్. పాప వేళ్ల మీద లెక్కపెట్టింది. ఐదు.

"ఎందుకు కొడుతున్నారు మామయ్యా?"

"మనకి దారిస్తున్నార్రా తల్లీ."

స్కిప్పర్ గొంతు సవరించుకున్నాడు. "కాదమ్మా. ఐదు పొట్టి హారన్లంటే, మీరేం చేద్దామనుకుంటున్నారో మాకు అర్థం కావడంలేదు అని."

బామ్మర్ది తాడు వదిలేసి మరీ నవ్వాడు. ఇంకో సంగతి కూడా స్కిప్పర్ అప్పుడే చెప్పాడు. ఆ నియమాల్లోనే, ఇరుకు దారి వదిలి పక్కకు పోలేని పెద్ద ఓడలకు తెరచాప పడవలు అడ్డం రాకూడదని కూడా ఉందట. నేను చదివిన పేజీ ఒకటి, చదవాల్సిన పేజీ ఇంకొకటి.

ఆయన కేకలు వేయలేదు. నా చేతిలోని కర్ర మీద రెండు వేళ్లు ఆనించి తీసేసుకున్నాడు. ముందు తెరచాపను గాలి తగిలేలా ఒక పక్కకు గుంజి పట్టుకోమని బామ్మర్దికి చెప్పాడు. వెనక్కి జారే పడవలో చుక్కాని తిరగేసి పనిచేస్తుందట, కర్రను అందుకు తగ్గట్టు తిప్పాడు. ముక్కు మెల్లగా పక్కకు వాలింది, తెరచాప నిండింది, కదిలాం. వేగం తగ్గించిన ఫెర్రీ మమ్మల్ని దాటి పోయింది. పై డెక్ నిండా జనం, చేతుల్లో ఫోన్లు.

అసలు కడుపుమంట ఆ తర్వాతది. కర్రను పాపకిచ్చాడు. "కర్ర వంక చూడకు. తిరిగాక మనకు ఎదురుగా ఏ బిల్డింగు రావాలో ముందే చూసి పెట్టుకో, పడవ వేగం అందుకున్నాక అప్పుడు తోయి" అన్నాడు. అది ఒక్కసారికే తిప్పేసింది. ఆ రెండు ముక్కలూ నాకెందుకు చెప్పలేదని అడిగాను. "మీకు వచ్చనుకున్నా సార్" అన్నాడు.

ఎండ బాగా ఉన్న రోజైతే మధ్యాహ్నం స్లాట్ తీసుకోండి. నేల వేడెక్కాక సముద్రం మీంచి వచ్చే గాలి, ఊరి మీదుగా వచ్చేదానికన్నా నిలకడగా ఉంటుంది. పొద్దున స్లాట్ బాగుంటుందని మాకు అంటగట్టింది ఆ కౌంటర్ అబ్బాయే. జెట్టీకి రాగానే మాత్రం తాడు అందుకుని, కట్టుకొయ్యకు ఎనిమిది అంకెలా చుట్టి నేనే కట్టాను. స్కిప్పర్ ఒకసారి లాగి చూసి వదిలేశాడు. మళ్లీ కట్టలేదు, గమనించగలరు.

డిపాజిట్ ఇంకా రాలేదు. రెండు మెయిళ్లు పెట్టాను. పాప వచ్చే సెలవుల్లో మళ్లీ వెళ్దామంటోంది. ఈసారి ఫారం మా ఆవిడ నింపుతానంది.