స్క్రూ విప్పేముందు లైసెన్సు సంగతి

తాడేపల్లిగూడెంలో రైస్‌మిల్లు ఆఫీసైనా, భీమవరంలో రొయ్యల మేత దుకాణమైనా, అమలాపురంలో డీటీపీ షాపైనా కంప్యూటర్ నత్తనడక నడిస్తే ముందు కొత్త బోర్డు (మదర్‌బోర్డు) బేరం మొదలవుతుంది. లైసెన్సు ఎవరి పేరున ఉందో, దేనికి ముడిపడి ఉందో అప్పుడు అడిగేవాళ్లుండరు. బోర్డు మారిన మర్నాడు విండోస్ యాక్టివేషన్ అడుగుతుంది. లెక్కలు రాసే ట్యాలీ, లైసెన్సు లేనివాళ్లు నేర్చుకోడానికిచ్చే ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి పోయి 1, 2, 31 తేదీలకు తప్ప ఎంట్రీ తీసుకోదు. అందుకే నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసేవాళ్లు గడువులైన 11, 20 తేదీల ముందు కంప్యూటర్ కేబినెట్ జోలికి పోకూడదు. మిల్లువాళ్లయితే దాళ్వా (రెండో పంట) ధాన్యం హడావుడి తగ్గాక ఈ పని పెట్టుకోవాలి.

అసలు బోర్డు మార్చాలా అన్నది ముందు తేల్చుకోండి. తిరిగే హార్డ్‌డిస్క్ తీసి సాటా ఎస్‌ఎస్‌డీ (పాత డిస్కు కేబుల్‌కే తగిలే, తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కు) పెట్టి, 4 జీబీ ర్యామ్‌ని 8 చేస్తే బిల్లింగుకీ ట్యాలీకీ చాలావరకు సరిపోతుంది. ఈ రెండూ మార్చినంత మాత్రాన విండోస్ లైసెన్సు సాధారణంగా పోదు. ర్యామ్ కొనేముందు పాతది తీసి చూడండి. డీడీఆర్3, డీడీఆర్4 అనే రెండు రకాల ర్యామ్‌ల గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి, ఒకటి ఇంకోదాని స్లాటులో పట్టదు. ఎమ్ డాట్ 2 కార్డు (బోర్డులోనే గుచ్చే చిన్న ఎస్‌ఎస్‌డీ) కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. చూడ్డానికి ఒకేలా ఉన్నా సాటా రకం వేరు, ఎన్‌వీఎమ్‌ఈ రకం వేరు. స్లాటు ఏది తీసుకుంటుందో బోర్డు మాన్యువల్లో చూశాకే డబ్బు కట్టండి.

విండోస్ సంగతికొస్తే, రన్ బాక్సులో ఎస్ ఎల్ ఎమ్ జీ ఆర్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి డీ ఎల్ ఐ అనండి. వచ్చే చిన్న కిటికీలో ఓఈఎమ్, రిటైల్, వాల్యూమ్ అనే మాటల్లో ఒకటి ఉంటుంది. ఓఈఎమ్ అంటే కంప్యూటర్‌తో కలిపి అమ్మిన లైసెన్సు, అది ఆ బోర్డుతోనే పోతుంది. బోర్డు పాడై కంపెనీయే మార్చి ఇస్తే లైసెన్సు నిలుస్తుంది. మనమే మెరుగైనది కొని పెట్టుకుంటే కొత్త లైసెన్సు కొనాల్సిందే. రిటైల్, అంటే విడిగా కొన్నది అయితే వేరే మిషన్‌కి మార్చుకోవచ్చు, కానీ పాతదాంట్లోంచి తీసెయ్యాలి. చిన్న దుకాణంలో వాల్యూమ్ అని కనపడితే అది ఎక్కడిదో ఆరా తీయండి. ఏదో సంస్థకిచ్చిన తాళాన్ని (లైసెన్సు కీని) ముక్కలుగా అమ్మినవే వీటిలో ఎక్కువ. మీకు హక్కు లేని తాళం మీద వ్యాపారం లెక్కలు పెట్టొద్దు.

విండోస్ 8 నుంచి పెద్ద కంపెనీల మిషన్లలో తాళం బోర్డు చిప్‌లోనే ఉంటుంది. కొత్త ఎస్‌ఎస్‌డీలో విండోస్ మొదటినుంచి వేసినా నెట్ తగలగానే అదే యాక్టివేట్ అవుతుంది. చిక్కల్లా ఎడిషన్‌తోనే. చిప్‌లో ఉన్నది హోమ్ తాళమైతే, వేసేవాడు అలవాటుగా ప్రో వేసి పోతే అది పట్టదు. పాత విండోస్ 7 స్టిక్కరు మీద కూడా ఆశ పెట్టుకోవద్దు, దాని మీది తాళంతో కొత్త విండోస్ యాక్టివేట్ చేసుకునే దారిని మైక్రోసాఫ్ట్ 2023లో మూసేసింది.

బోర్డు మార్చక తప్పదనుకుంటే, పాత బోర్డు పనిచేస్తుండగానే మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవ్వండి. యాక్టివేషన్ పేజీలో డిజిటల్ లైసెన్సు ఖాతాకు ముడిపడిందన్న మాట కనపడాలి. రిటైల్ లైసెన్సుకి తర్వాత విండోస్ ట్రబుల్‌షూటర్‌లో (చిక్కులు సరిచేసే పేజీలో) "ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చాను" అనే దారి దొరికేది ఆ ముడి ఉంటేనే. బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకి విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్‌ని తాత్కాలికంగా ఆపాకే బోర్డు విప్పండి. ఆ అంకెలు లేకపోతే డిస్కు బాగానే ఉన్నా డేటా తెరుచుకోదు.

ట్యాలీలో ఎఫ్1 నొక్కి సెట్టింగ్స్, లైసెన్స్, అక్కడ సరెండర్ (లైసెన్సుని ఈ మిషన్ నుంచి వదిలించడం). డిస్కు మార్చినా, ఫార్మాట్ కొట్టినా, బోర్డు మార్చినా ముందు ఇదే. కొత్త అమరికలో మళ్లీ యాక్టివేట్ చేస్తే ఓటీపీ ఖాతా మెయిల్‌కి వెళ్తుంది. ఆ మెయిల్ మానేసిన గుమాస్తాదో, లైసెన్సు అమ్మినవాడిదో అయితే పని అక్కడే ఆగుతుంది. యజమాని మెయిల్ ఎక్కించుకోవడం ఈరోజే చేయదగ్గ పని. కంపెనీ డేటా ఫోల్డరు వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసి, తెరుచుకుంటుందో లేదో ఇంకో మిషన్‌లో చూసుకోవాలి. తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు. డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్‌కి ఈ బాధ లేదు, డ్రైవర్ వేస్తే చాలు.

పాత డిస్కుని కొత్తదాంట్లోకి క్లోన్ (ఉన్నదున్నట్టు నకలు) చేశాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్కు కేబుల్ పీకేయండి. రెండూ ఉంటే దేంట్లోంచి లేచిందో తెలియక తికమక. పాతదాన్ని రెండు వారాలైనా చెరపొద్దు.

విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 (భద్రత తాళాలు దాచే చిప్) కావాలి, ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే అనుమతి. నాలుగో తరం ఐ3కి ఎంత ర్యామ్ పెట్టినా ఆ అర్హత రాదు. అలాంటి పాత బోర్డు మీద లైసెన్సు ఖర్చు పెట్టకండి. ఎనిమిదో తరం ఉండి కూడా కుదరదంటే, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే తెరిచే బోర్డు సెట్టింగుల్లో) పీటీటీ, అంటే ఇంటెల్ ఇచ్చే టీపీఎమ్, ఆఫ్‌లో ఉందేమో చూడండి.

మన దగ్గర చెమ్మ, ఊక దుమ్ము, నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పు గాలి. కేబినెట్ విప్పాక తెర రాకుండా బీప్ కొడుతుంటే ర్యామ్ బంగారు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి తుడిచి, రెండు వైపులా క్లిప్ పడేదాకా నొక్కండి. గడియారం ప్రతి ఉదయం పాత తేదీకి పోతుంటే సీఆర్2032 బ్యాటరీ మార్చండి. తేదీ తప్పితే యాక్టివేషనూ కుదరదు, జీఎస్టీ పోర్టల్‌ కూడా తెరుచుకోదు.