మూరకోసారి మరక

ఆదివారం. టిఫిన్ పని కాగానే అటక మీది ట్రంకు పెట్టె దించాను. మూత తీస్తే కలరా ఉండల వాసన. పైనంతా పేరంటాల్లో పసుపు కుంకుమతో పాటు చేతిలో పెట్టిన జాకెట్టు ముక్కలే. లెక్కపెడితే ముప్పై ఒకటి. ఒక్కోటి 80 సెంటీమీటర్లు. చాలావాటికి లైనింగ్ వేయకపోతే కుదరదు, అంత పలచన. అందుకే ఎవరూ కుట్టించుకోరు, ఇంకో పేరంటానికి తీసిపెడతారు. ప్రేమగా ఇచ్చిన గుడ్డ మడత విప్పకుండానే ఇల్లిల్లూ తిరుగుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

వాటి అడుగున నీలం గళ్ల గుడ్డ. మామ మగ్గం మీద నేసింది, రెండున్నర మీటర్లు. అమ్మ పుట్టిల్లు ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సహకార సంఘం నుంచే తాతకు నూలు వచ్చేది, నేసి గుడ్డ ఇస్తే కూలి ఇచ్చేవాళ్లు. తాత తర్వాత మామ కూర్చున్నాడు ఆ మగ్గం మీద. ఇప్పుడు మగ్గమూ లేదు, మామా లేడు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు మునిగినప్పుడు మా ఇంట్లోకీ నీళ్లొచ్చాయి. ఈ పెట్టె రెండు రోజులు బురదలో ఉంది. గుడ్డ మడతల్లోనే నానింది కాబట్టి విప్పితే మరక ఒకచోట కాదు, మూరకోసారి ఉంది. ఎన్నిసార్లు నానబెట్టినా పోలేదు. దిండు గలీబులకు కొలిస్తే మధ్యలో మరక పడుతుంది, చొక్కాకైతే వీపున పడుతుంది. కత్తెర పట్టుకోవడం, మళ్లీ మడతపెట్టడం. ఇన్నేళ్లూ ఇదే.

"ఎన్నాళ్లు దాస్తావు మే? మరకలు తీసేసి మిగతాది కోయి. పాపకు బొంత కుడదాం" అంది అమ్మ మంచం మీద నుంచే.

ఆ మాటతో దారి దొరికింది. గళ్ల గుడ్డనూ జాకెట్టు ముక్కలనూ విడివిడిగా నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాను. కుట్టాక ఒకటి కుంచించుకుని ఇంకొకటి కుంచించుకోకపోతే బొంత ముడతలు పడుతుంది. నేసినప్పుడు రెండున్నర మీటర్లు, అంటే 98 అంగుళాలు ఉన్న గుడ్డ, ఇప్పుడు ఆరాక కొలిస్తే 95 ఉంది. ఆరు చోట్ల మరకలను రెండంగుళాల పట్టీలుగా తీసేసి, మిగిలిన దాంట్లోంచి ఎనిమిదంగుళాల చదరాలు కోశాను. మొదటి కోతకు చేయి వణికింది. తర్వాత లేదు.

గళ్లవి 24, జాకెట్టు ముక్కలవి 24. వరుసకు ఆరు, ఎనిమిది వరుసలు. మందపాటి చేనేత పక్కన పలచటి గుడ్డ కుడితే కుట్టు గుంజుకుపోతోంది. మిషన్ మీద పై దారం టెన్షన్ కాస్త వదులు చేసి, పలచటి గుడ్డను కిందికి పెట్టి కుడితే సాపుగా వచ్చింది. మధ్యాహ్నం కరెంటు పోయినా కాలి మిషన్ కదా, ఆగలేదు. చెమటకు చేతులు జారుతుంటే కొంగుకు తుడుచుకుంటూ సాయంత్రానికి అయిదు వరుసలు అతికాను.

మరకల పట్టీలు చెత్తబుట్టలో వేయబోతే అమ్మ చేయి చాపింది. ఆరూ కలిపితే బొంత చుట్టూ అంచుకు సరిపోతాయంట.

"మామ నేసింది మే, ఒక్క పోగు కూడా పోకూడదు."

సూదిలో దారం ఎక్కించి ఇచ్చాను.