మోడల్ ఎం కీబోర్డుకు బోల్టులు బిగించడం: నా అనుభవం

పాత కంప్యూటర్ కీబోర్డుల్లో ఇవాళ్టికీ జనం వెతికి వెతికి కొనేది ఐబీఎం మోడల్ ఎం. 1985లో వచ్చింది. బరువు సుమారు 2.3 కిలోలు. లోపల వంపు తిరిగిన ఉక్కు ప్లేటు ఉంటుంది కాబట్టి ఎంత గట్టిగా టైపు చేసినా బల్ల మీద జరగదు. ఐబీఎం 1991లో కీబోర్డులు చేసే విభాగాన్ని లెక్స్‌మార్క్‌గా విడదీసింది. 1996లో లెక్స్‌మార్క్ కీబోర్డులు మానేశాక యూనికాంప్ ఆ పని అందుకుంది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో ఇప్పటికీ ఇవే తయారవుతున్నాయి, విడిభాగాలూ దొరుకుతున్నాయి. నలభై ఏళ్ళ నాటి వస్తువుకు కొత్త స్ప్రింగు కొనుక్కోగలగడం చిన్న విషయం కాదు.

దీని గొప్పతనమంతా స్ప్రింగులోనే ఉంది. కీ నొక్కుతున్నకొద్దీ స్ప్రింగు బిగుసుకుంటూ వచ్చి, ఒకచోట తట్టుకోలేక పక్కకు వంగిపోతుంది. అది వంగిన క్షణంలోనే దాని అడుగున ఉన్న చిన్న ప్లాస్టిక్ ఫ్లిప్పర్ ఒరిగి మెంబ్రేన్‌ను, అంటే కరెంటు గీతలున్న పలచని పొరలను, కొడుతుంది. టక్కుమనే చప్పుడు, వేలి కింద బరువు చటుక్కున తేలికైపోవడం, తెర మీద అక్షరం పడటం మూడూ కలిసే జరుగుతాయి. ఇప్పుడొచ్చే మెకానికల్ స్విచ్‌లు చాలావాటిలో చప్పుడు చేసే ముక్క వేరు, కరెంటు కలిపే ముక్క వేరు. ఇందులో రెండూ ఒకే స్ప్రింగు పని. రిచర్డ్ హారిస్ పేరు మీద 1978లో పేటెంటు వచ్చిన ఈ పద్ధతిని ముందు మోడల్ ఎఫ్‌లో వాడారు. అందులో మెంబ్రేన్ బదులు కెపాసిటివ్ ప్యాడ్లు ఉండేవి. తయారీ ఖర్చు తగ్గించేందుకు మోడల్ ఎంలో మెంబ్రేన్ పెట్టారు.

ఆ ఖర్చు తగ్గింపులోనే దీని ఒకే ఒక్క బలహీనత ఉంది. స్ప్రింగులు దిగే గొట్టాలున్న ప్లాస్టిక్ ఫ్రేమునూ, అడుగున ఉక్కు ప్లేటునూ కలిపి పట్టుకునేవి యాభైకి పైగా ప్లాస్టిక్ రివెట్లు. ఫ్రేములోంచే పొడుచుకొచ్చిన పుల్లలను ప్లేటు రంధ్రాల్లోంచి బయటికి తీసి, వాటి తలలు కరిగించి అణిచేశారు. ఏళ్ళు గడిచేకొద్దీ ప్లాస్టిక్ పెళుసెక్కి ఆ తలలు ఒక్కొక్కటే ఊడిపోతాయి. నాలుగైదు పోయినా తేడా తెలియదు. ఒకే చోట వరసగా పోతే అక్కడ ప్లేటు ఫ్రేముకు ఎడంగా వస్తుంది, కీ మెత్తబడుతుంది, ఒక్కోసారి అక్షరమే పడదు. ఆ రివెట్ల స్థానంలో స్క్రూలు, నట్లు వేయడాన్నే బోల్ట్ మాడ్ అంటారు.

కొనే ముందు రెండు చూస్తాను. మొదటిది అడుగున ఉండే తెల్ల లేబులు. దాని మీద పార్ట్ నంబరు, తయారైన తేదీ ఉంటాయి. 1391401 అంటే అమెరికా లేఅవుట్‌లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, 101 కీలది. రెండోది చెవితో చేసే పరీక్ష. కీబోర్డును మెల్లగా అటూ ఇటూ వంచితే లోపల గలగలమని చిన్న ముక్కలు దొర్లితే అవి ఊడిన రివెట్ తలలే. ధర తగ్గించమని అడగడానికి అది చాలు, వదిలేయడానికి మాత్రం కారణం కాదు. టీ, కూల్‌డ్రింకు ఒలికి ఎండిపోయి ఉంటేనే అసలు ఆలోచించాలి. ఆ చక్కెర మెంబ్రేన్ పొరల మధ్యకు దిగితే వెండి గీతలు నల్లబడి తెగిపోతాయి. రివెట్లకు బదులు బోల్టులు వేయొచ్చు గానీ మెంబ్రేన్ మరీ పాడైతే కొత్తది కొనాల్సిందే.

ముందుగా పనిముట్లు. కేసు వెనక నాలుగు స్క్రూలు లోతైన గుంతల్లో ఉంటాయి. వాటి తల ఆరుపలకలది, 5.5 మిల్లీమీటర్లు. మామూలు సాకెట్ల గోడ మందంగా ఉండి గుంతలో దిగదు, పలచని గోడ ఉన్న నట్ డ్రైవరే కావాలి. ఇక అర అంగుళం ఉలి, 1.5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్లు కనీసం నాలుగు (విరుగుతాయి), నెమ్మదిగా తిరిగే చిన్న డ్రిల్లు, 8 మిల్లీమీటర్ల పొడవున్న ఎం2 (2 మిల్లీమీటర్ల మందం) స్క్రూలు, నట్లు ఓ వంద, మల్టీమీటరు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కళ్ళద్దాలు. హైదరాబాద్‌లో ఎం2 స్క్రూల కోసం రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాలు, మిగతా వాటికి కోఠి గుజరాతీ గల్లీ చూడొచ్చు. స్క్రూలు స్టెయిన్‌లెస్‌వే తీసుకోండి. కోస్తా ఊళ్ళ ఉప్పుగాలికి మామూలు ఇనుప స్క్రూలు తుప్పెక్కుతాయి.

కీక్యాప్‌లు తీయడం తేలిక. చాలా మోడల్ ఎంలలో కీ రెండు ముక్కలు: పైన అక్షరం ఉన్న టోపీ, కింద కాండం. రెండూ తీసేయాలి. స్పేస్‌బార్ కింద ఇనుప తీగ ఉంటుంది, లాగే ముందు దాని కొసలు కొక్కేల్లోంచి వదిలించాలి. షిఫ్ట్, నంబర్ ప్యాడ్ సున్నా లాంటి పెద్ద కీల రెండో గొట్టంలో చిన్న ప్లాస్టిక్ తొడుగులు ఉంటాయి. అవి టోపీతో పాటు ఊడివచ్చి ఎక్కడో పడిపోతాయి, వెంటనే డబ్బాలో వేసుకోవాలి. టోపీలు పీబీటీ ప్లాస్టిక్, అక్షరాలు రంగుతో లోపలికి ఇంకించినవి కాబట్టి ఎంత కడిగినా పోవు. గోరువెచ్చని నీళ్ళలో బట్టల సబ్బు కొద్దిగా కలిపి రాత్రంతా నానబెడితే సరిపోతుంది. మరిగే నీళ్ళు మాత్రం వద్దు, స్పేస్‌బార్ వంకర పోయే ప్రమాదం ఉంది.

కేసు విప్పితే లోపల కంట్రోలర్ బోర్డు (కీ నొక్కులను కంప్యూటరుకు పంపే సర్క్యూట్) కనిపిస్తుంది. దానికి మెంబ్రేన్ రిబ్బన్లు దిగుతాయి, లైట్లకు ఇంకొకటి. వీటికి తాళం ఏమీ లేదు, నిటారుగా పైకి లాగితే వస్తాయి. ఏటవాలుగా లాగితే కొసన ఉన్న గీతలు గీసుకుపోయి కొన్ని కీలు మూగబోతాయి. ప్లేటుకు గ్రౌండ్ తీగ ఉంటే దాన్నీ విప్పాలి.

ఇప్పుడు ఫ్రేమును బోర్లా పెట్టి, ప్లేటు పైకి ఉండేలా రెండు చెక్క ముక్కల మీద ఆనించాలి. స్ప్రింగులకు ఏదీ తగలకూడదు. ఉలిని ప్లేటు మీద దాదాపు పడుకోబెట్టి, మొన రివెట్ తల మొదట్లో ఆనించి నెడితే తల ఎగిరిపోతుంది. కళ్ళద్దాలు అందుకే. అన్ని తలలూ పోయాక ప్లేటునే పైకెత్తాలి, కిందనున్న ఫ్రేమును కదిలించకూడదు. ఇలా ప్లేటునే ఎత్తితే ఫ్లిప్పర్లన్నీ వాటి వాటి చోట కూర్చునే ఉంటాయి. ఫ్రేమును ఎత్తి తిరగేస్తే నూటొక్క స్ప్రింగులు నేల మీద ఏరుకోవాలి.

ప్లేటు కింద మెంబ్రేన్, దాని కింద నల్లని పలచని రబ్బరు షీటు కనిపిస్తాయి. మెంబ్రేన్ మూడు పొరలు: గీతలున్నవి రెండు, మధ్యలో రంధ్రాల పొర. పైపైన తడిబట్టతో తుడిస్తే చాలు. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి కూడా రానివ్వొద్దు. మల్టీమీటరుతో ప్రతి గీతను రిబ్బన్ కొస నుంచి చివరిదాకా చూసుకోవాలి. ఎక్కడైనా తెగితే వెండి కలిసిన కండక్టివ్ పెయింటు సన్నని బ్రష్షుతో రాసి, పూర్తిగా ఆరాక మళ్ళీ కొలవాలి. ఈ పరీక్ష ఇప్పుడు చేయకపోతే బోల్టులన్నీ బిగించాక మళ్ళీ విప్పాల్సి వస్తుంది. ప్లేటుకు తుప్పు ఉంటే సన్నని ఉప్పుకాగితంతో రుద్ది, మెంబ్రేన్ ఆనే వైపు గరుకు లేకుండా నున్నగా చేయాలి.

డ్రిల్లింగ్‌కు ముందు ఫ్లిప్పర్లన్నీ తీసి డబ్బాలో పెట్టుకుంటాను. లేకపోతే ప్లాస్టిక్ పొడి వాటి కింద చేరుతుంది. తెగిన ప్రతి రివెట్ మధ్యలో సూది మొనను వేడిచేసి చిన్న గుంట పెట్టాలి. గుంట లేకుండా డ్రిల్లు పెడితే బిట్ జారి పక్కనున్న గొట్టం గోడను తొలిచేస్తుంది, ఆ కీలో స్ప్రింగు ఇక సరిగ్గా వంగదు. వేగం తక్కువలో, నిటారుగా, నాలుగైదు సెకన్లకోసారి ఆపుతూ తొలవాలి. వేగం పెంచితే ప్లాస్టిక్ కరిగి బిట్‌కు చుట్టుకుంటుంది. రంధ్రం 1.5 మిల్లీమీటర్లే ఎందుకంటే ఎం2 స్క్రూ మర ప్లాస్టిక్‌ను కాస్త కొరుక్కుంటూ దిగాలి, వదులుగా ఆడకూడదు. స్పేస్‌బార్ ముందున్న అంచు వరసలో ప్లాస్టిక్ పలచన, అక్కడ బిట్ కొంచెం వంగినా అంచు చీలుతుంది. ఆ వరసలో చేయి నిలకడగా లేదనిపిస్తే ఒక రంధ్రం వదిలేసినా నష్టం లేదు, చుట్టూ ఉన్న బోల్టులే బిగువు పట్టుకుంటాయి.

మళ్ళీ కూర్చడం ఈ పనిలో అన్నిటికంటే ఓపిక అడిగే భాగం. ఫ్రేమును బోర్లా పెట్టి, స్క్రూలు కీల వైపు నుంచి దూర్చి, తలలు జారిపోకుండా టేపు వేయాలి. ఫ్లిప్పర్లను స్ప్రింగు కిందికి వేలాడేలా ఒక్కొక్కటీ గొట్టంలో దించి, దాని రెండు చెవులూ గాడిలో కూర్చున్నాయో లేదో చూడాలి. పైన రబ్బరు షీటు, దాని మీద మెంబ్రేన్, ఆపైన ప్లేటు. ప్లేటు వంపు ఫ్రేము వంపుతో కలవాలి కాబట్టి రెండు చివరలా చిన్న క్లాంపులు పెట్టి నొక్కి ఉంచి, నట్లు మధ్య వరస నుంచి మొదలుపెట్టి బయటికి వెళ్తాను. మొదటి చుట్టులో వేళ్ళతోనే. అన్నీ పట్టాక క్లాంపులు తీసి, జాగ్రత్తగా నిలబెట్టి గొట్టాల్లోకి లైటు వేసి చూడాలి. స్ప్రింగులన్నీ ఒకే వైపు, ఒకే వాలుతో ఉండాలి. ఒక్కటి వేరే దిక్కు చూస్తుంటే దాని ఫ్లిప్పర్ గాడి తప్పినట్టే. ఆ చుట్టుపక్కల నట్లు వదులు చేసి సరిచేసుకోవడం ఇప్పుడైతే నిమిషాల పని.

ఎంత బిగించాలన్నది చాలామంది అడుగుతారు. నట్టు ప్లేటుకు తగిలాక ఇంకో పావు చుట్టు, అంతే. బలంగా బిగిస్తే మెంబ్రేన్ పొరలు నలిగి, నొక్కకుండానే అక్షరాలు పడతాయి. వదులుగా ఉంటే చప్పుడు ముందొచ్చి అక్షరం తర్వాత పడటమో, అసలు పడకపోవడమో జరుగుతుంది. చప్పుడూ అక్షరమూ ఒకేసారి వచ్చేదాకా ఆ చోట నట్టును కొంచెం కొంచెంగా తిప్పి చూడాలి.

కీలు తిరిగి పెట్టేటప్పుడు కీబోర్డును నిలువుగా, స్పేస్‌బార్ పైకి ఉండేలా నిలబెట్టాలి. అప్పుడు స్ప్రింగు గొట్టం మధ్యకు వచ్చి, కీ కాండంలోని మొటిమకు సరిగ్గా ఎక్కుతుంది. పెట్టిన ప్రతి కీనీ ఒకసారి నొక్కి వినాలి. టక్కుమనకపోతే స్ప్రింగు పక్కకు పోయింది, తీసి మళ్ళీ పెట్టాలి. బలవంతంగా నొక్కితే స్ప్రింగు వంకర పోతుంది. వంకర పోయిన స్ప్రింగు మునుపటిలా పలకదు, మార్చేయడమే మేలు. స్ప్రింగుల గంట మోత ఇంట్లో వాళ్ళకు ఇబ్బందైతే ప్రతి స్ప్రింగులో అంగుళం పొడవు డెంటల్ ఫ్లాస్ ముక్క వేస్తే మోత తగ్గుతుంది, టక్కు పోదు. స్పేస్‌బార్ తీగకు సిలికోన్ గ్రీజు చుక్క వేస్తే చాలు.

ఇక కంప్యూటరుకు కలపడం. పాత కీబోర్డుకు పీఎస్/2 లేదా ఐదు పిన్నుల గుండ్రని ప్లగ్గు ఉంటుంది. తీగలు మాత్రమే ఉండే చవక యూఎస్‌బీ ప్లగ్గు దీనికి పనికిరాదు, లోపల చిప్ ఉన్న కన్వర్టరే కావాలి. పాత కంట్రోలర్లు కరెంటు ఎక్కువ లాగుతాయి, నాసిరకం కన్వర్టరైతే లైట్లు వెలిగి ఆరిపోతాయి. నేను నమ్మేది ఏటీమెగా32యూ4 చిప్ ఉన్న ప్రో మైక్రో బోర్డు మీద సోరర్ ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిచే ప్రోగ్రాము) ఎక్కించి చేసుకున్న కన్వర్టర్. పీఎస్/2 ప్లగ్గులో 1వ పిన్ను డేటా, 3 గ్రౌండ్, 4 ఐదు వోల్టులు, 5 క్లాక్. నాలుగు తీగలు, నాలుగు టంకాలు.

ఈ ఫర్మ్‌వేర్‌తో ఇంకో లాభం, కీలను మార్చుకోవచ్చు. 1391401లో విండోస్ కీ లేదు. తెలుగు, ఇంగ్లీషు మధ్య మారడానికి విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కే అలవాటు ఉన్నవాళ్ళు క్యాప్స్‌లాక్‌ను విండోస్ కీగా పెట్టుకుంటే హాయి.

ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో తెలుగు కొట్టేవాళ్ళు బోల్టులు వేశాక ముందుగా పరీక్షించాల్సింది డీ కీ. ప్రతి వత్తుకూ పొల్లు అక్కడే ఉంది. స్త్రీ అని కొట్టాలంటే ఎం, డీ, ఎల్, డీ, జే, ఆర్: ఆరు నొక్కుల్లో రెండు డీ మీదే పడతాయి. ఆ చోట రివెట్లు పోతే వత్తులు రాలిపోతాయి, సత్రీ అనో స్తరీ అనో మిగులుతుంది. ఇంగ్లీషు మాత్రమే కొట్టేవాళ్ళ కీబోర్డులో ఈ లోపం ఇంత తొందరగా కనిపించదు.

చివరగా కీబోర్డ్ టెస్టర్ ప్రోగ్రాములో 101 కీలూ చూసుకోవాలి. ఒక నిలువు వరసో అడ్డ వరసో మొత్తం పలకకపోతే రిబ్బన్ సరిగ్గా దిగలేదు. ఒక్క కీ మాత్రమే పలకకపోతే ఫ్లిప్పరో, అక్కడి నట్టో. మూడు అక్షరాల కీలు ఒకేసారి నొక్కితే మూడోది పడకపోవడం లోపం కాదు, మెంబ్రేన్‌లో డయోడ్లు (కరెంటును ఒకే వైపు పోనిచ్చేవి) లేవు కాబట్టి ఏ రెండు కీలకైనా మాత్రమే హామీ. రెండు మూడు వారాలు వాడాక ప్లేటు సర్దుకుంటుంది, కొన్ని నట్లు వదులవుతాయి. అప్పుడు కేసు విప్పి మరోసారి అన్నిటినీ వేళ్ళతో తడిమి బిగించి, నట్ల మీద చుక్క నెయిల్ పాలిష్ వేస్తే మళ్ళీ కదలవు.