లాయర్‌ని పెట్టుకోవాలా వద్దా? మా అమెరికా స్పౌజ్ వీసా అనుభవం

అమెరికా సిటిజన్‌ని పెళ్లి చేసుకుంటే వీసాకి లాయర్ కావాలా అని ఈమధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. బెంగళూరులో మా ఆఫీసులోనే ఇదే దశలో ఉన్నవాళ్లు కొందరున్నారు, ఊళ్లో చుట్టాలు వేరే. అందరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మా కేసు మొత్తం ఒకచోట రాస్తే ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుంటారని రాస్తున్నాను. మా అనుభవంలో తేలింది ముందే చెప్పేస్తా. ఫారాలు నింపడానికి మాకు లాయర్ అవసరం పడలేదు, కానీ మా ఇద్దరి గతంలో కేసుకి అడ్డుపడేది ఏమైనా ఉందా అని చూడ్డానికి మాత్రం లాయర్ కావాల్సి వచ్చింది, అందులోనూ అసలు చిక్కు అమెరికా చట్టంలో కాదు, మన చట్టంలో ఉంది.

మాది కావలి. నేను మారతహళ్లి వైపు ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. మా ఆయన టెక్సస్‌లో ఉంటారు, సిటిజన్. ఆయనకిది రెండో పెళ్లి, నాకు మొదటిది. 2023 చివర్లో నిశ్చితార్థం అయింది, మాఘమాసంలో ముహూర్తం అనుకున్నారు. ఫియాన్సే వీసా కె-1 మీద వెళ్లి అక్కడ పెళ్లి చేసుకోవడమా, ఇక్కడే పెళ్లి చేసుకుని స్పౌజ్ వీసాకి వేయడమా అన్న ప్రశ్నతోనే లాయర్ మాట వచ్చింది. కె-1 అయితే అక్కడికెళ్లాక 90 రోజుల్లో పెళ్లి చేసుకుని, ఆ తర్వాత గ్రీన్‌కార్డుకి మళ్లీ అప్లై చేయాలి, ఫీజులు మళ్లీ కట్టాలి. ఇక్కడ ఇంతమంది చుట్టాల మధ్య పెళ్లి పెట్టుకున్నవాళ్లకి దాంతో పనేముంది? అది వదిలేశాం.

అమెరికాలో కొందరు లాయర్లని అడిగితే మొత్తం కేసు చూసుకోవడానికి 2,000 నుంచి 4,000 డాలర్ల దాకా చెప్పారు. గవర్నమెంటు ఫీజులు దీనికి అదనం. నాన్న ఆ రూపాయల లెక్క విని చాలాసేపు మాట్లాడలేదు. ఇక్కడ బెంగళూరులో ఒక వీసా కన్సల్టెన్సీ వాళ్లు అంతకన్నా చాలా తక్కువకి చేస్తామన్నారు, గ్యారంటీ అని కూడా అన్నారు. నేను ఐ-130 ఫారం, అంటే భార్య కోసం సిటిజన్ వేసే పిటిషన్, చివరి పేజీలు చూసుకుని వెళ్లాను. పిటిషనర్ (మా కేసులో మా ఆయన) కాకుండా వేరేవాళ్లు ఫారం తయారుచేస్తే వాళ్ల పేరు, అడ్రస్, సంతకం పెట్టాల్సిన భాగం అందులో ఉంటుంది. "ఇక్కడ మీ సంతకం పెడతారా అండీ?" అని అడిగాను. "అవన్నీ అవసరం లేదు మేడమ్, మీ వారు నింపినట్టే పెడతాం" అన్నాడాయన. అక్కడితో లేచి వచ్చేశాను. డబ్బు తీసుకుని ఫారం నింపినవాళ్లు తమ పేరు కనపడకుండా దాచుకుంటే, రేపు అందులో ఒక తప్పు బయటపడ్డ రోజు దానికింద ఉండేది మన సంతకమే. పైగా అమెరికాలో ఏదో ఒక రాష్ట్రంలో లైసెన్సున్న లాయరో, అక్కడి న్యాయశాఖ గుర్తింపు ఇచ్చిన ప్రతినిధో తప్ప ఇంకెవరూ ఈ విషయాల్లో చట్టపరమైన సలహా ఇవ్వకూడదు. లాయర్ కేసు తీసుకుంటే ఈ కేసుకి నేనే లాయర్‌ని అని చెప్పే జి-28 అనే ఫారం వేస్తారు. మీ దగ్గర డబ్బు తీసుకునేవాళ్లు జి-28 వేస్తారా అని అడగండి, ఎవరేంటో తెలిసిపోతుంది.

ఆఖరికి మా ఆయన ఒక మాట అన్నారు, మొత్తం కేసు ఇవ్వొద్దు, ఒక గంట సలహాకి మాత్రం డబ్బు కడదాం అని. డాలస్‌లో ఒక లాయర్ ఆవిడని వెతికాం, లాయర్లకి లైసెన్సులుండే స్టేట్ బార్ వెబ్‌సైట్లో పేరు కొట్టి లైసెన్సు ఉందో లేదో చూసుకున్నాం, 200 డాలర్లు కట్టి వీడియో కాల్‌లో ఇద్దరం కూర్చున్నాం.

ఆ గంటలో ఆవిడ ఫారాల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎప్పుడైనా అమెరికా వచ్చారా, వస్తే గడువు దాటి ఉన్నారా, ఏ వీసా అయినా రిజెక్ట్ అయిందా, ఇద్దరిలో ఎవరిమీదైనా కేసులు, అరెస్టులు ఉన్నాయా, ఇంతకుముందు పెళ్లిళ్లు, పిల్లలు, ఆయన మూడేళ్ల ట్యాక్స్ రిటర్న్స్. ఇవే.

నాకు బీటెక్ అయ్యాక ఎఫ్-1 వీసా, అంటే స్టూడెంట్ వీసా, రిజెక్ట్ అయింది. అప్పుడు కాగితాలన్నీ ఒక కన్సల్టెన్సీ చూసింది. ఆ మాట చెప్పగానే ఆవిడ నెమ్మదిగా అడిగారు, ఆ అప్లికేషన్‌లో, చూపించిన బ్యాంక్ కాగితాల్లో అబద్ధం ఏమైనా ఉందా అని. నాకు చేతులు చల్లబడ్డాయి. ఎందుకంటే మనవైపు కన్సల్టెన్సీలు బ్యాలెన్స్ 'చూపించడం' అందరికీ తెలిసిన సంగతే, నా ఫైల్లో ఏం పెట్టారో నేను అప్పట్లో గీత గీతా చదివిన గుర్తు లేదు. ఆవిడ తేడా విడమరిచి చెప్పారు. అమెరికా వీసా చట్టంలో 214(బి) అనే సెక్షన్ కింద రిజెక్ట్ చేశారంటే తిరిగి వస్తావని నమ్మకం కుదరలేదని అర్థం, అక్కడే ఉండిపోవడానికి ఇచ్చే వీసాకి అది అడ్డు కాదు. అదే తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే జీవితాంతం అడ్డు, దాన్ని దాటాలంటే ఐ-601 అనే వేవర్ (మినహాయింపు) కావాలి, మీరు లేకపోతే మీ ఆయన పడే కష్టం ఎంత తీవ్రమైందో నిరూపించాలి, అలాంటప్పుడు లాయర్ లేకుండా కదలొద్దు అన్నారు. ఆ రాత్రంతా పాత మెయిల్స్ తవ్వాను. అప్పటి వీసా అప్లికేషన్ డీఎస్-160 కాపీ దొరికింది, యూనివర్సిటీకి పంపిన బ్యాంక్ లెటర్ దొరికింది. నాన్న కావలిలో బ్యాంకుకి వెళ్లి ఆ ఏడాది స్టేట్‌మెంట్ తీయించుకుని ఫోటో పంపారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని అంకెలు చూశాను. సరిపోయాయి. డబ్బు నాన్నదే, లోన్ నిజమైనదే. అప్పటికి గానీ నాకు అన్నం సహించలేదు.

ఇక మా ఆయన సంగతి. ఆయన మొదటి పెళ్లి ఇక్కడ హిందూ పద్ధతిలో జరిగింది, విడాకులు టెక్సస్ కోర్టులో అయ్యాయి. మేమైతే డిక్రీ కాగితం ఉంది కదా, ఇంకేంటి అనుకున్నాం. లాయర్ ఆవిడ అక్కడే ఆగారు. మీ పెళ్లి ఇండియాలో జరుగుతుంది కాబట్టి అది ఇండియా చట్టం ప్రకారం చెల్లాలి, అమెరికా మొదట చూసేది పెళ్లి జరిగిన చోట అది చెల్లుతుందా లేదా అనే, ఆ టెక్సస్ విడాకుల్ని మీ దేశం ఒప్పుకుంటుందో లేదో నేను చెప్పలేను, అక్కడి లాయర్‌ని అడగండి అన్నారు.

బెంగళూరులో ఫ్యామిలీ కోర్టు కేసులు చూసే ఒక అడ్వొకేట్ గారి దగ్గరికి వెళ్లాను. పెద్దాయన, తెలుగువారే. "అమ్మా, ఇది మనవాళ్లకి కొత్త కాదు, ఈ తీర్పు వచ్చిందే తిరుపతిలో పెళ్లయిన జంట కేసులో" అని మొదలుపెట్టారు. భర్త అమెరికాలో మిస్సోరీ కోర్టులో విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకుంటే, ఆ విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద, భార్య ఆ కోర్టు పరిధిని ఒప్పుకోకుండా ఇచ్చిన డిక్రీ కాబట్టి. అయితే అదే తీర్పులో మినహాయింపులు కూడా ఉన్నాయి, ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకుని తీసుకున్న విడాకులైతే చెల్లుతాయి. ఆయన మా డిక్రీ ప్రతి పేజీ తిప్పి, చివర ఇద్దరి సంతకాలు, ఇద్దరి లాయర్ల సంతకాలు ఉన్న చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టారు. మా ఆయన మొదటి భార్య కూడా అప్పుడు టెక్సస్‌లోనే ఉండేది, తన లాయర్‌ని పెట్టుకుని ఒప్పందం మీదే సంతకం పెట్టింది. "ఇది ఏకపక్షంగా తెచ్చుకున్న డిక్రీ అయితే నేను మీ ముహూర్తం ఆపమనేవాణ్ణి" అన్నారు. రాతపూర్వకంగా ఒపీనియన్ ఇచ్చారు. ఆ మాట విన్నాక అమ్మ శుభలేఖలు అచ్చుకి ఇచ్చింది.

అమెరికాలో విడాకులైన తెలుగువాళ్లు ఇక్కడ రెండో పెళ్లి చేసుకునేటప్పుడు ఈ ఒక్క విషయం దయచేసి ముందే చూసుకోండి. వీసా కోసమే కాదు, ఆ పెళ్లి చెల్లకపోతే పోయేది అమ్మాయి జీవితం.

రెండూ తేలిపోయాయి కాబట్టి మిగతాది మేమే చేసుకోవాలని నిర్ణయించుకున్నాం. 2024 ఫిబ్రవరిలో పెళ్లి, ఆ వెంటనే కావలి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్, మేలో ఐ-130 ఆన్‌లైన్‌లో వేశాం. ఆ ఏప్రిల్ 1 నుంచే ఫీజు పెరిగింది, ఆన్‌లైన్ అయితే 625 డాలర్లు, పేపర్ మీద అయితే 675. పెళ్లి నిజమైందని చూపడానికి ఫోటోలు, శుభలేఖ, ఆయన వచ్చిపోయిన టికెట్లు, కాల్ లాగ్స్, ఇన్సూరెన్స్‌లో నామినీ పేరు పెట్టాం. ఏడాది పైన పట్టింది అప్రూవ్ కావడానికి. లాయర్ ఉన్నా ఆ క్యూ ముందుకి జరగదు, ఇది చాలామందికి తెలియదు. తర్వాత కేసు ఇంటర్వ్యూకి ముందు కాగితాలు చూసే నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్లింది, ముంబై కేసులకి ఇచ్చే బీఎంబీతో మొదలయ్యే నంబరు వచ్చింది, అక్కడ వీసా ఫీజు 325, స్పాన్సర్ కాగితాల ఫీజు 120 డాలర్లు కట్టి, ఇమిగ్రెంట్ వీసా అప్లికేషన్ డీఎస్-260 నింపాను. పాత రిజెక్షన్ గురించి అడిగిన చోట అవును అని రాసి, ఏ సంవత్సరం, ఏ సెక్షన్ అన్నది ఉన్నదున్నట్టు పెట్టాను.

నన్ను ఎక్కువ తిప్పింది నా బర్త్ సర్టిఫికెట్. మీసేవలో తీస్తే నాన్న పేరు, అమ్మ పేరు, తేదీ, ఆస్పత్రి అన్నీ ఉన్నాయి, నా పేరు ఉండాల్సిన గడి మాత్రం ఖాళీ. మన దగ్గర బారసాలకి ముందే ఆస్పత్రివాళ్లు పుట్టుక నమోదు చేసేస్తారు, పేరు తర్వాత ఎవరూ ఎక్కించరు. దానికి తోడు టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరమే, పాస్‌పోర్టులో పూర్తిగా. అమ్మ, నాన్న విడివిడిగా నోటరీ అఫిడవిట్లు ఇచ్చారు, ఈ రికార్డులో ఉన్న బిడ్డ మా అమ్మాయే, ఈ రెండు రకాల పేర్లూ తనవే అని. టెన్త్ సర్టిఫికెట్ కూడా జతచేశాను. సరిపోయింది. పోలీస్ క్లియరెన్స్ లాల్‌బాగ్ రోడ్డు పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో 500 రూపాయలతో అయిపోయింది.

రెండోసారి లాయర్ ఆవిడకి డబ్బు కట్టింది ఐ-864 దగ్గర, అంటే నన్ను పోషించే బాధ్యత నాదని స్పాన్సర్ సంతకం పెట్టే ఫారం. మా ఆయన సొంతంగా కాంట్రాక్టు పనులు చేస్తారు. చేతికొచ్చేది బాగానే ఉంటుంది, ఖర్చులన్నీ తీసేశాక ట్యాక్స్ రిటర్న్‌లో కనపడేది తక్కువ, వీసావాళ్లు చూసేది ఆ రెండోదే. 2025 లెక్కన ఇద్దరి కుటుంబానికి ఏడాదికి 26,437 డాలర్ల ఆదాయం ఉండాల్సింది. మా అంకె దానికి మరీ దగ్గరగా ఉంది. ఆయనతో పాటు అదే బాధ్యత తీసుకునే జాయింట్ స్పాన్సర్‌ని పెట్టుకోమన్నారు ఆవిడ. మా బావగారిది నలుగురి కుటుంబం, నాతో ఐదుగురు, అంటే 47,062 డాలర్లు, ఆయనకి ఇబ్బంది లేదు. కానీ నేనే ఫోన్ చేసి అన్నీ చెప్పాలనుకున్నాను. "బావగారూ, ఇది ఊరికే సంతకం కాదండీ, నేను సిటిజన్ అయ్యేదాకానో, పదేళ్ల పని లెక్క పూర్తయ్యేదాకానో మీమీద బాధ్యత ఉంటుంది, రేపు మా ఇద్దరికీ పడకపోయినా అది పోదు" అన్నాను. ఆయన కాసేపాగి, "అమ్మా, ఇంత విడమరిచి చెప్పావు కాబట్టే ధైర్యంగా పెడతాను, మీ అక్కయ్యతో కూడా ఒకసారి చెప్పు" అన్నారు. చెప్పాను. ఇద్దరూ కాగితాలు పంపారు. ఆ సంతకం విలువ దగ్గరివాళ్లు అనుకుని చెప్పకుండా తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

లాయర్ పెట్టుకోవడమే సరైనదైన కేసులూ చూశాను. నా పాత రూమ్మేట్ వాళ్లన్నయ్య విజిటర్ వీసా మీద వెళ్లి గడువు దాటాక ఏడాదికి పైగా ఉండిపోయి వచ్చాడు. ఏడాది దాటితే పదేళ్ల నిషేధం, 180 రోజులు దాటితే మూడేళ్లు. సిటిజన్‌ని పెళ్లి చేసుకున్నా అది తనంతట పోదు. అతను లాయర్‌కి ఇచ్చిన ప్రతి డాలరూ దండగ కాదు. పాత క్రిమినల్ కేసులు, ఎప్పుడో వేరే పెళ్లి పిటిషన్ వేసి వదిలేసినవాళ్లు కూడా అంతే.

ఇంటర్వ్యూ 2025 నవంబరులో ముంబైలో, బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లోని కాన్సులేట్‌లో. మెడికల్ కూడా ముంబైలోనే చేయించుకున్నాను, ఎక్స్‌రే, టీబీ రక్తపరీక్ష, టీకాలు. ఎలా కలిశారు, ఆయన మొదటి పెళ్లి ఎప్పుడు ముగిసింది, మీకు ఎఫ్-1 ఎందుకు ఇవ్వలేదు అని అడిగారు. డిక్రీ సర్టిఫైడ్ కాపీ అందించాను, తిప్పి చూసి ఇచ్చేశారు. అడ్వొకేట్ గారి ఒపీనియన్ అడగలేదు, అది నా ఫోల్డర్‌లోనే ఉండిపోయింది. వీసా ఇస్తున్నాం అన్నారు.

ఇప్పుడు ఇంకొక లెక్క మిగిలింది. పెళ్లయి రెండేళ్లు నిండకుండా అమెరికాలో అడుగుపెడితే ఇచ్చేది రెండేళ్ల కండిషనల్ గ్రీన్‌కార్డు, అది ముగియడానికి ముందు 90 రోజుల్లో ఆ కండిషన్ తీసేయమని ఐ-751 అనే ఫారం వేసి మళ్లీ ఇవన్నీ నిరూపించాలి. రెండేళ్లు నిండాక అడుగుపెడితే పదేళ్ల కార్డే. లెక్కలోకి వచ్చేది వీసా మీద రాసిన సీఆర్-1 (కండిషనల్ రకం) కాదు, దిగిన రోజు. నా వీసా మెడికల్ తేదీ నుంచి ఆరు నెలలు ఉంటుంది, మా రెండో పెళ్లిరోజు ఫిబ్రవరిలో. అందుకే 235 డాలర్ల ఇమిగ్రెంట్ ఫీజు కట్టేసి, మార్చిలో ప్రయాణానికి టికెట్ తీసుకున్నాను. ఎయిర్‌పోర్టులో ఆఫీసర్‌కి మ్యారేజ్ సర్టిఫికెట్ చూపించి, రెండేళ్లు దాటాయి, పదేళ్ల కార్డు వచ్చే ఐఆర్-1గా మార్చండి అని అడగాలి. దీనికి ఏ లాయర్‌నీ అడగక్కర్లేదు.